మంద కట్టిన చోటు

గాబ్రియేలుకు చదువుకున్నవాళ్ల మీద కోపమేమీ లేదు. గడ్డిని తూకమేసేవాళ్లంటేనే ఒళ్లు మంట. కోడుమూరు పక్కనున్న ఆ బీట్లో యాభై ఏళ్లుగా గొర్రెలు కాస్తున్నాడు; పచ్చికను తక్కెట్లో పెట్టాలని ఒక్కనాడూ తోచలేదు.

రాజశేఖర్‌కు తోచింది. గొర్రెలు మేస్తే బీడు పాడవుతుందని తేల్చడానికి పట్నం నుంచి దిగిన పరిశోధకుడాయన. నిరుడు వానలకు ముందు, నున్నగా ఉందని ఒక ముక్క ఏరుకొని ముళ్లతీగ చుట్టించాడు. ఇప్పుడు లోపల కొంత, బయట కొంత గడ్డి కోసి, ఎండబెట్టి తూచాడు. లోపలిది మూడింతలు తూగింది. ఆ లెక్క రాసిన కాగితం పైఅధికారులకు పోయిందంటే బీడంతటికీ తీగ పడుతుంది. గాబ్రియేలు ఎనభై గొర్రెలూ సంతకు పోవాల్సిందే.

"గడ్డిలో పది పాళ్ల సత్తువుంటే గొర్రె ఒంటికి పట్టేది ఒక్క పాలే పెద్దాయనా," అన్నాడు రాజశేఖర్, బడిపిల్లాడికి చెప్పినట్టు. "గొర్రెను తిన్న తోడేలుకు అందులో మళ్లీ పదోవంతు."

"తక్కిన తొమ్మిదీ యాడికి పోయినాయి సారూ?"

"ఒంటి వేడికి, ఊపిరికి, పెంటికలకు. అంతా వృథా."

వృథా అట! చెప్పేవాడికి వినేవాడు లోకువ. గాబ్రియేలు తీగ కింద నుంచి దూరి, ఏపుగా పెరిగిన గడ్డి మొదట్లో కర్రతో గీకాడు. నల్లటి పెంటికలు పెళ్లలుగా లేచాయి.

"ఏందప్పా ఇది? నిరుడు ఎండాకాలం పద్నాలుగు రాత్రులు నా మంద ఈడనే కట్టినా. గొర్రెలు పండుకోబట్టే నేల నున్నగైంది. ఎరువు కోసం చేలో మంద కట్టమని రైతులు బతిమాలి, బువ్వ పెట్టి, గింజలిస్తారు. నీకు ఊరికే పడింది. నువ్వు తూచింది నీ తీగను కాదు, నా గొర్రెల పెంటికల్ని."

రాజశేఖర్ అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించాడు.

"వచ్చే ఏడు కూడా ఇంతే తూకం చూపించాలి పెద్దాయనా. ఎండాకాలంలో ఓ పది రాత్రులు మందను లోపల కడతావా? ఎవరికీ చెప్పకుండా."

గాబ్రియేలుకు నవ్వు కూడా రాలేదు, అసహ్యమేసింది. అంత చదువూ చివరికి తన గొర్రెల తోక కిందికే వచ్చింది.

"కడతాలే. ముందు ఇది మంద కట్టిన చోటని ఆ కాగితంలో రాయి. రాయకుంటే ఈ పెంటికలు మూటగట్టి మీ పెద్దసార్ల బల్ల మీద పోస్తా. వాళ్లే తూకమేసుకుంటారు."

రాజశేఖర్ జేబులో కలం వెతుక్కున్నాడు. రాయడం అయ్యేదాకా గాబ్రియేలు ఆయన నెత్తి మీదే నిలబడి, పోతూపోతూ కర్రకంటిన పెంటికను ఆ తక్కెడకే తుడిచాడు.