రెండు సైట్ల నడుమ

కొత్త ఒక వింత, పాత ఒక రోత అని పెద్దలు ఊరికే అనలేదు. ఆ ఆసుపత్రి వెబ్‌సైటును ఏళ్ళ తరబడి ఒంటిచేత్తో నడిపిన మనిషిని ఇప్పుడు ఆఫీసంతా ‘పాతక్క’ అంటోంది. పాత ఫ్రేమ్‌వర్క్‌లో అంటే పాతకాలపు సాఫ్ట్‌వేర్ పునాది మీద ఉన్న సైటును ఆమె చూసుకుంటోంది గనక ఆ పేరు. కొత్త ఫ్రేమ్‌వర్క్‌లో కొత్త సైటు కడుతున్న జట్టుకు పెద్ద ఎవరయ్యా అంటే, ఆమె సొంత తమ్ముడే. ఆ పేరు పెట్టిన ఘనత కూడా వాడిదే.

మొదట్లో ఆమె నవ్వి ఊరుకుంది. వాడికి కీబోర్డు మీద వేళ్ళు పెట్టడం నేర్పింది తనే, ఈ ఉద్యోగానికి సిఫారసు చేసిందీ తనే. తమ్ముడు తనను మించిపోతే అక్కకు అంతకన్నా ఏం కావాలి?

ఉన్నపళంగా సైటు మొత్తం మార్చడం కుదరదు. అందుకని రెంటినీ పక్కపక్కనే నడుపుతూ, ఒక్కో పేజీని పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి చేర్చుకుంటూ పోదామన్నారు. చూసేవాళ్ళకు మాత్రం అంతా ఒకటే సైటు. పద్ధతి మంచిదే. డయాలసిస్ బెడ్ ఎంచుకునే పేజీ కొత్త సైటుకు వెళ్ళింది, దాన్ని ఖాయం చేసే పేజీ ఇంకా పాతదాంట్లోనే ఉండిపోయింది. చిక్కంతా అక్కడే వచ్చిపడింది.

లాగిన్ అయిన మనిషి ఎవరో గుర్తుంచుకోవడానికి సైటు లోలోపల ఒక చీటీ ఇస్తుంది. కొత్త సైటు ఇచ్చిన చీటీ పాత సైటుకు చదవడం రాదు. దొంగ చీటీ అనుకుని చింపేసి, మళ్ళీ లాగిన్ అవమంటుంది. చురుగ్గా నొక్కేవాళ్ళు ఎలాగో గట్టెక్కేవారు. నిదానస్తులు ఓటీపీ కోసం ఎదురుచూస్తుండగానే బెడ్ ఇంకొకరికి వెళ్ళిపోయేది. డయాలసిస్ అంటే జుట్టు కత్తిరించుకోవడం కాదు, ఇవాళ కాకపోతే రేపు అనుకోవడానికి. వంతు తప్పితే ఒళ్ళంతా నీరు పట్టి ఊపిరాడదు.

ఫిర్యాదుల ఫోను ఉండేది పాతక్క బల్ల మీదే. తిట్లన్నీ ఆమె తింటోంది, పొగడ్తలన్నీ కొత్త సైటుకు పోతున్నాయి.

“ఒరేయ్, ఆ చీటీ చదివే తాళంచెవి నాకివ్వు, నా సైటుకు నేర్పిస్తాను. లేదంటే ఆ పేజీ తిరిగి నాకిచ్చెయ్” అని తమ్ముణ్ణి ఎన్నిసార్లు అడిగిందో.

“లాగిన్ అవమంటున్నది నీ సైటక్కా, నాది కాదు” అనేవాడు వాడు.

మేనేజరు దగ్గరికెళ్తే, “పైన ఎర్రక్షరాలతో ‘దయచేసి మళ్ళీ లాగిన్ అవండి’ అని రాసేద్దాం” అన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

ఆ రోజు పొద్దున్నే ఒక లారీ డ్రైవరు ఫోన్ చేశాడు. “అమ్మా, బెడ్ మళ్ళీ పోయిందమ్మా. మా ఆవిడని ఎమర్జెన్సీలో చేర్చాం. ఎక్కడైనా ఒక్కటి దొరుకుతుందేమో చూస్తారా?”

పాతక్క వార్డుకు ఫోన్ చేసి, అక్కడి నర్సుతో పోట్లాడి, సాయంత్రానికి ఒక బెడ్ ఇప్పించింది. తర్వాత ఏ పేజీ ఏ సైటుకు వెళ్ళాలో చెప్పే ఫైలు తెరిచి, బెడ్ల పేజీని తన సైటుకు తిప్పేసింది. చాటుగా కాదు. తిప్పానని అందరికీ మెయిల్ పెట్టింది.

తమ్ముడు పరుగున వచ్చాడు. “ఎవర్నడిగి తిప్పావు?”

“నిన్ను అడిగినప్పుడల్లా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నావుగా. ఇంకెవర్నడగాలి?”

“అందరికీ మెయిల్ పెట్టి మరీ నా పరువు తీస్తావా? ఈపాటి దానికి ఇంత రచ్చా? ఈ చీటీ చిక్కు కొత్త సైటు మొదలుపెట్టక ముందే చూశాన్నేను. ఆగితే పైవాళ్ళకు చెప్పిన తేదీ తప్పేది. ఖాయం చేసే పేజీ కూడా మారిపోతే అదే సర్దుకుంటుందని...” మాట అక్కడ ఆగింది. అప్పటికే నోరు జారింది.

“ముందే చూశావా?”

వాడు నేలచూపులు చూశాడు. ఇన్నాళ్ళూ వీడికి తెలియక, పొగరుతో వినడం లేదనుకుంది పిచ్చిమొహం. అరికాలి మంట నెత్తికెక్కింది. చిన్నప్పుడైతే చెంప పగలగొట్టేది. ఇప్పుడు డ్రైవరు నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, ఫోను వాడి చేతిలో పెట్టింది.

“బెడ్ దొరికిందని నువ్వే చెప్పు. మిగతాది కూడా చెప్పు.”

బెడ్ మాట వినగానే అవతల డ్రైవరు అందుకున్నాడు. “చల్లగా ఉండు బాబూ. నాకే సరిగ్గా నొక్కడం రాలేదయ్యా. లారీ తోలే చేతులు, మొద్దుబారిపోయాయి. ఊపిరాడకపోయినా మా ఆవిడ నన్నే తిట్టింది, నీ వల్లే నా ప్రాణం మీదికొచ్చిందని. నిజమే మరి. ఈసారి పక్కింటాయనతో నొక్కిస్తాలే.”

తమ్ముడు అక్క వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

“మీరు సరిగ్గానే నొక్కారండీ” అన్నాడు చివరికి. “తప్పు సైటుది. అది కట్టింది నేనే. ఇలా అవుతుందని నాకు... ముందే తెలుసు.”

అవతల వార్డులో ఎవరో దగ్గుతున్నారు.

“తెలిసి కూడానా బాబూ?”

తమ్ముడు ఫోనును అక్క వైపు చాచాడు. పాతక్క చేతులు కట్టుకుని నిలబడింది.