గంట వైపు చూడొద్దు

అంట్లు తోమి గిన్నెలన్నీ బుట్టలో సర్ది లేవబోతుంటే బుట్ట చేజారింది. పళ్ళాలు, గరిటెలు గచ్చు మీద పడి చేసిన మోతకి పక్క వాటాలో కుక్క మొరిగింది. మూడడుగుల దూరంలో చాప మీద పడుకున్న మా ఉమాశ్రీ మాత్రం కదల్లేదు.

"బంగారుతల్లి, ఎంత మంచి నిద్రో! వాళ్ళ నాన్న బుల్లిబాబూ ఇంతే," అని మురిసిపోయింది అత్తయ్య. ఏరుతున్న పళ్ళెం మళ్ళీ జారవిడిచాను. "ఏమిటమ్మాయ్ ఆ కంగారు? సొట్టలేం పడలేదులే."

సొట్టల గురించి కాదు నా భయం. పసిపిల్లల మెదడు ఎలా ఎదుగుతుందో చూడటం నా ఉద్యోగం. రీసెర్చ్ అసిస్టెంట్ అని పేరు. మా ఆయన మాటల్లో అయితే "తలకాయలు కొలిచే పని". మాదాపూర్‌లో గుట్టలు పేల్చి అద్దాల మేడలు కడుతున్న కూలీల గుడిసెల్లోకి టేపూ గంటా పట్టుకుని వెళ్తాం. నాతో వచ్చే సాయమ్మ ఇక్కడి మనిషే. తల్లి ఒళ్ళో ఉన్న బిడ్డకి ఎదురుగా ఆమె కూర్చుంటుంది. నేను వెనక నుంచి, బిడ్డ కంటికి ఆనకుండా, చిన్న ఇత్తడి గంట కొడతాను. బిడ్డ తల తిప్పితే 'విన్నది' అని రాస్తాను. ఒక్కటే నియమం, ఎదురుగా ఉన్నవాళ్ళు గంట వైపు చూడకూడదు. పెద్దవాళ్ళ కళ్ళు ఎటు తిరిగితే పిల్లల తల అటే తిరుగుతుంది. నాయనమ్మలు ఆత్రం పట్టలేక చూసేస్తారు. "జర తల దించు అవ్వా, గంట దిక్కు చూడొద్దు," అని సాయమ్మ కసురుతుంది. బిడ్డ తిరగకపోతే, ఆస్పత్రిలో చెవికీ మెదడుకీ పరీక్ష చేయించడానికి కాగితం మీద సంతకం తీసుకోవాలి. తండ్రి ఇంట్లో లేకపోతే, "మీ ఆయన్ని అడిగి ఉంచు, మళ్ళీ వస్తాం," అని చెప్పి వచ్చేస్తాను. పాలమూరు నుంచి వచ్చిన బాలమణి కొడుకు విషయంలో మూడుసార్లు అలాగే వచ్చేశాను. ఆ మొగుడు ఎప్పుడు వెళ్ళినా పనిలోనే ఉంటాడు.

చెవిన పడని మాటలకి మెదడులో దారి పడదంటారు మా మేడమ్. ఎవరూ నడవని కాలిబాట మీద గడ్డి మొలిచినట్టే. మొదటి ఏడాది చేజారిపోనివ్వకూడదంటారు. ఉమాశ్రీకి ఎనిమిదో నెల. బస్సులో, పొయ్యి దగ్గర, పాలిస్తున్నప్పుడు మిగిలిన ఆ కొద్ది నెలలే నాకు గుర్తొస్తాయి. దాని చెవి దగ్గర పేరు పెట్టి పిలవబోయి ఆగిపోతాను. తిరగకపోతే?

పాపకి వినిపించడం లేదేమోనని ఆయనతో ఒకసారి అన్నాను. "గుడిసెల్లో తిరిగి తిరిగి నీకు ప్రతి పిల్లా రోగిష్టిలా కనిపిస్తోంది. మొన్న మన వెనక గుట్టలో బండ పేలితే ఉలిక్కిపడలేదూ?" అన్నాడు. మంచం అదిరింది కాబట్టి ఉలిక్కిపడింది. ఆ మాట నేననేలోపే, "కడుపుతో ఉండగా సిటీ బస్సుల్లో ఊరేగొద్దని అమ్మ మొత్తుకుంటే విన్నావా? రేపు ఏదైనా తేలితే ఎవరిది తప్పు? ఆడపిల్లకి చెవుడని పదిమందికీ చాటింపు వేస్తావా?" అన్నాడు. ఒక నోటితో ఏమీ లేదంటాడు, అదే నోటితో తప్పు నాదంటాడు. కోపమొచ్చింది. కానీ కోపం కన్నా భయం పెద్దది. నిజంగా ఆ బస్సుల వల్లేనేమో అని రాత్రీ పగలూ కుమిలాను. చదువుకున్నదాన్ని, కాదని తెలుసు. అయినా కుమిలాను.

పోయిన ఆదివారం గంట ఇంటికి తెచ్చాను. ఆయన ఒళ్ళో పాప, ఎదురుగా అత్తయ్య. తల దించుకోమని ఆవిడకి రెండుసార్లు చెప్పాను. గంట కొట్టగానే ఉమాశ్రీ గిరుక్కున తిరిగింది. "చూశావా!" అని ఆయన పాపని నాకిచ్చి టీవీ పెట్టుకున్నాడు. అత్తయ్య కళ్ళు ఎటున్నాయో నేను చూశాను. చూసి కూడా నా పుస్తకంలో 'విన్నది' అని రాసుకున్నాను. ఆ పూట అన్నం కడుపునిండా తిన్నాను.

ఈ రోజు ఆయన ఆఫీసుకి వెళ్ళాక సాయమ్మ ఎప్పటిలాగే నన్ను తీసుకెళ్ళడానికి వచ్చింది. "ఏందమ్మా, మొఖం గట్లున్నది?"

"ఒక్క నిమిషం మా పాప ముందు కూర్చో," అన్నాను.

నిద్ర లేచిన ఉమాశ్రీని దిండుకి ఆనించాను. సాయమ్మ ఎదురుగా కూర్చుని తల దించుకుంది. గంట కొట్టాను. పాప సాయమ్మ మెడలో పూసలు లాగుతోంది. మళ్ళీ కొట్టాను. మూడోసారి చెవి దగ్గరకి తెచ్చి గట్టిగా కొట్టాను. పక్క వాటాలో కుక్క మొరిగింది. పాప పూసలు చూసి నవ్వుతోంది.

"ఇగ సాలు తల్లీ," అంది సాయమ్మ, తల ఎత్తకుండానే.

వంటింటి గుమ్మంలో అత్తయ్య నిలబడి ఉంది. "ఆ రోజు నేను కావాలనే గంట వైపు చూశానమ్మాయ్," అంది. "గిన్నెలు పడ్డప్పటి నుంచీ, నెలగా దేవుడి దగ్గర గంట కొడుతున్నాను. ఒక్కసారీ తిరగలేదు. బుల్లిబాబుతో చెప్పడానికి భయమేసింది."

"నాకు తెలుసు అత్తయ్యా. నేనూ భయపడే అలా రాసుకున్నాను."

సంచిలోంచి కాగితం తీశాను. బిడ్డ పేరు, నెలలు రాసి, 'విన్నదా' అన్నచోట 'లేదు' అని రాశాను. "బుల్లిబాబుని అడగవా?" అంది అత్తయ్య మెల్లగా. కాగితం అడుగున 'తల్లి లేదా తండ్రి సంతకం' అని అచ్చు వేసి ఉంది. రెండేళ్ళుగా నేనే పంచుతున్న కాగితం. సంతకం చేశాను. అత్తయ్య లోపలికి వెళ్ళి పాప టోపీ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"సీదా దవాఖానకేనా అమ్మా?" అంది సాయమ్మ మెట్లు దిగుతూ.

"ముందు బాలమణి గుడిసెకి," అన్నాను. "మొగుడు ఉన్నా లేకపోయినా, ఆమె సంతకం తీసుకుందాం."