మూరెడు బెజ్జం

రాళ్లు కొట్టే పర్వతాలు బొటనవేలిని ఒక పోలీసు పట్టి కాగితం మీద అదిమాడు. అదే క్షణంలో దగ్గుతెర వచ్చి పర్వతాలు చెయ్యి అదిరింది. కాగితమంతా సిరా మరక.

"ఖరాబ్ చేసినవ్! ఇంకోటి రాయాలె," అని విసుక్కున్నాడు ఆఫీసరు జ్ఞానశేఖర్.

పర్వతాలు చెక్కిన రోళ్లను అవతల కానిస్టేబుళ్లు లారీలోకి విసురుతున్నారు. ఒక్కో రోలు రెండు రోజుల చాకిరీ, రెండు వందల రూపాయలు. ఎల్లమ్మ మొగుడి పక్కన నిలబడి చూస్తోంది.

మారేడ్‌పల్లి వెనక జంటగుండ్లను, ఆ రెండు పెద్ద బండరాళ్లను, ముట్టుకుంటే జైలని బోర్డు పెట్టి ఏడాదైంది. నాలుగు రోజుల కింద అందులో ఒక గుండు పేలిపోయింది. ముక్కలు ఎల్లమ్మ గుడిసె ముందు దొరికాయి.

ఆ బోర్డు కోసం మూడేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగిన మేబెల్ టీచర్ కళ్లు ఎర్రబడి ఉన్నాయి. "ఆ గుండు కింద నీటి చెలమ కూడా పూడిపోయింది ఎల్లమ్మా. రాయి దొరక్కపోతే నన్నడగొచ్చుగా?"

"మీరు రాయి అమ్ముతరా టీచరమ్మా?"

టీచర్ గుడిసె ముందున్న రాతిముక్కల వైపు తిరిగింది.

జంటగుండ్ల పక్కనే అపార్టుమెంట్లు కడుతున్న కంట్రాక్టరు రామభద్రరావు ముందుకొచ్చాడు. "వేలిముద్ర వేసేయండి. జరిమానా నేను కడతా. గుడిసె ఉన్న జాగా నాదేగా, మిమ్మల్ని ఎవరు పొమ్మంటారు?"

జ్ఞానశేఖర్ కొత్త కాగితం చదివాడు. "గుండు మేమే పేల్చినం. ఇగ మీదట ఉలి పట్టం."

"ఉలి పట్టకుంటె ఏం తినాలె సారూ?" అంది ఎల్లమ్మ.

"నా దగ్గర ఇటుకలు మోద్దురుగానిలే," నవ్వాడు రామభద్రరావు.

మూడు రోజుల కింద అతని ట్రాక్టరే ఆ రాళ్లు దింపి పోయింది. పైసా అడగలేదు. బోర్డు పెట్టినప్పటి నుంచి రాయికి కరువు. ముక్కల మీద గుర్తులు చూడగానే ఎల్లమ్మకు అంతా అర్థమైంది. "ఫుకట్ల వచ్చింది, నోర్మూస్కో," అన్నాడు పర్వతాలు. మూసుకుంది.

పోలీసు మళ్లీ వేలు పట్టుకున్నాడు. పర్వతాలు నోరు విప్పొద్దన్నట్టు పెళ్లాం వైపు అడ్డంగా తల ఊపాడు. ఎల్లమ్మ అతని మణికట్టు పట్టి వెనక్కి లాగింది.

"టీచరమ్మా, జెర ఇటు రాండ్రి. గీ బెజ్జంల చెయ్యి పెట్టుండ్రి."

రాతిముక్క మీద సగానికి చీలిన గొట్టంలాంటి గాడిలో టీచర్ చెయ్యి మోచేతి దాకా ఇమిడింది.

"మా ఉలి నాలుగు వేళ్ల లోతే దిగుతది. చీలలు కొట్టి పగలదీస్తం. ఇది డ్రిల్లు మిషను బెజ్జం. మందు నింపి పేల్చిండ్రు. తెలిసే గీ రాళ్లు ఉంచుకున్నం. గా తప్పు మాది, రాసుకోండ్రి."

"ఏందమ్మా నువ్వనేది? పేల్చిందెవరు?" జ్ఞానశేఖర్ కలం ఆగిపోయింది.

"ఎల్లమ్మా," అన్నాడు రామభద్రరావు మెల్లగా, "రేపు ఎక్కడ పడుకుంటావో ఆలోచించుకో."

పర్వతాలు కళ్లు మూసుకున్నాడు. పదేళ్లుగా ఆమెకు ఆ మనిషి సారు. పేరు ఏనాడూ నోట రాలేదు.

"రామభద్రరావు," అంది ఎల్లమ్మ. లారీ దగ్గరి వాళ్లకూ వినబడేలా మళ్లీ అంది. "గీడ నిలబడ్డ రామభద్రరావు!"