పదకొండు ప్రమాణాలూ, ఒక చేటా

శుక్రవారం ఉదయం నేను శిక్షణ హాలుకు చేరేసరికి నా కుర్చీలో నా సంతకం కూర్చుని ఉంది. రెండో వరస, ఫ్యాను కింద. పేరు చివర నేను లాగే పొడవాటి గీతను మడిచి ఒళ్ళో పెట్టుకుని శ్రద్ధగా నోట్సు రాసుకుంటోంది.

తప్పు నాదే. వయోజన విద్య పంతులమ్మలం కదా, మాకో అలవాటు ఉంది. ఐదు రోజుల శిక్షణకు సోమవారమే హాజరు పట్టీలో ఐదు గళ్ళూ నింపేసి, ఎవరి పనులు వాళ్ళు చూసుకుంటాం. నేనైతే మేడ మీద వడియాలు పెట్టుకున్నాను. చివరి రోజు భోజనం బాగుంటుందనీ, ధ్రువపత్రాలు ఇస్తారనీ వచ్చాను.

మిగతావాళ్ళ సంతకాలు బల్లల మీద తలలు వాల్చి నిద్రపోతున్నాయి. నాదొక్కటే బుద్ధిగా వింటోంది. ఈ బుద్ధి నాకు బడిలో కూడా లేదు.

శిక్షకురాలు సువర్చల మేడం ముందు పదకొండు ఇత్తడి కొలపాత్రలు వరసగా ఉన్నాయి. పంతులమ్మల వృత్తి వికాసానికి పెట్టిన నాణ్యతా ప్రమాణాలు అవే. నా సంతకం లేచి వెళ్ళి ఒక్కొక్క పాత్రలోకీ తనను తాను పోసుకుంటుంది. పదకొండూ అంచుదాకా నిండుతాయి. తర్వాత నేను ప్రయత్నిస్తాను. అన్నిటికంటే పెద్దదాంట్లో నా ఎడమ పాదం మాత్రమే పడుతుంది.

"నేను హైమావతిని మేడం," అంటాను.

ఆవిడ పట్టీ చూస్తుంది. "హైమావతి గారు ఐదు రోజులూ వచ్చారండి. మీరు ఈ రోజే వచ్చారు. మీరు ఆవిడ ఎలా అవుతారు?"

అందులో కాదనడానికి ఏమీ లేదు. మధ్యాహ్నం మా కేంద్రంలో పాఠం చూస్తాననీ, ప్రమాణాలకు సరిపోయినవాళ్ళకే కేంద్రం అప్పగిస్తాననీ ఆవిడ చెబుతుంది. తొమ్మిదేళ్ళుగా నడుపుతున్న కేంద్రం అది. వచ్చేది ఇరవై ఇద్దరు ఆడవాళ్ళు. వాళ్ళు లేకపోతే మధ్యాహ్నాలు నేనేం చేసుకోవాలో నాకు తెలియదు. భయం వేస్తోంది, దాచుకోవడం ఎందుకు?

పాత్రలతో సహా ముగ్గురం ఆటోలో బయల్దేరతాం. నాకు చోటివ్వడానికి సంతకం మరో మడత పడుతుంది. దాన్ని తిట్టుకోవాలని ఉంది గానీ మనసు రావడం లేదు. ఎంతైనా నా చేతి రాతే.

మా కేంద్రం జీడి బట్టీ వెనక వరండాలో ఉంది. మా వాళ్ళు పొద్దుటి నుంచీ పిక్కలు కొట్టి, పప్పు ఒలిచి, అన్నాలు తిని వస్తారు. జీడి సొన తగిలి తగిలి వాళ్ళ వేలిముద్రలు అరిగిపోయాయి. రేషను మిషను మీద వేలు పెడితే అక్కడ ఎవరూ లేరంటుంది. అందుకే సంతకం నేర్చుకుంటున్నారు.

సంతకం బోర్డెక్కి పాఠం మొదలుపెడుతుంది. తనను తాను రాసుకుంటుంది, చెరుపుకుంటుంది, మళ్ళీ రాసుకుంటుంది. ఒక్కసారైనా వెంట్రుకవాసి తేడా ఉండదు. గంటలో ఇరవై రెండు పలకల మీదా "బి. హైమావతి" అని పడుతుంది, చివరి గీతతో సహా. సువర్చల మేడం సుద్దపొడి ఎత్తి పాత్రల్లో పోసి చూస్తుంది. నిలకడ అని రాసున్న పాత్ర నిండుతుంది. స్పష్టత నిండుతుంది.

నా పేరు రాసిన ఎర్రమ్మకు నా మోకాలినొప్పి మొదలవుతుంది. పక్కనున్నావిడకు మా మేడ మీద వడియాల దగ్గరికి కాకులు వస్తాయేమోనని బెంగ పట్టుకుంటుంది.

ఆఖరి వరసలో దాలమ్మ అరచేత్తో పలక తుడిచేస్తుంది. బట్టీలో అందరికంటే పాత మనిషి. ఆరు నెలలుగా తన పేరు కోసం తంటాలు పడుతోంది.

"బాగున్నాది గానీ, ఇది నీ పేరు కదా పంతులమ్మా. నాదేదీ?"

సంతకం బోర్డు మీద మళ్ళీ నా పేరే రాస్తుంది. నేను వెళ్ళి దాలమ్మ పక్కన చతికిలబడతాను. ఆవిడ చెయ్యి ప్రతిసారీ ఆఖరి అక్షరం దగ్గర ఆగిపోతుంది. మూడు విధాలుగా చెప్పి చూశాననీ, ఇంకెలా చెప్పాలో తెలియడం లేదనీ ఒప్పుకుంటాను. ఇద్దరం కలిసి ఇంకో దారి చూద్దామంటాను.

సువర్చల మేడం ఆ మాటను పాత్రల్లో పోయబోతుంది. అది ఏ పాత్రలోనూ నిలవక నేల మీద పారుతుంది.

"కొలతెందుకమ్మా? మంచీ సెడ్డా ఏరడం రోజూ మా పనే కదా," అని దాలమ్మ చేట తెస్తుంది.

సంతకమూ నేనూ చేటలో కూర్చుంటాం. ఇరుకేం లేదు. దాలమ్మ మూడుసార్లు చెరుగుతుంది. మొదటిసారికే సంతకం పొట్టులా లేచి, వరండా దాటి, కరెంటు తీగ మీద వాలుతుంది. నేను మూడుసార్లూ దబ్బున చేటలోనే పడతాను. ఆవిడ నన్ను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని నలిపి చూస్తుంది.

"గుండు కాదు. ఇరిగిన బద్ద," అంటుంది.

నాకు ప్రాణం ఉసూరుమంటుంది. బద్దేనా అని అడుగుతాను.

"మరేటి? గుండుపప్పు మూటలు కట్టి ఊళ్ళు దాటించేత్తారు. మనింట్లో వొండుకునీది బద్దే. నువ్వెక్కడికీ ఎల్లక్కర్లేదు, కూకో."

ఇంత సంతోషం నాకు పెళ్ళిలో కూడా కలగలేదు. సువర్చల మేడం చేతులకంటిన సుద్దపొడి దులుపుకుంటుంది. తర్వాత పెద్ద పాత్రను బోర్లించి దాని మీద కూర్చుని, తనకూ ఒక పలక కావాలంటుంది.

ఎప్పుడూ నేను దాలమ్మ చెయ్యి పట్టుకుని దిద్దిస్తాను. ఈసారి ఆవిడే నా చెయ్యి పట్టుకుంటుంది. పప్పు విరగకుండా పొట్టు తీసేటప్పుడు మణికట్టు తిప్పినట్టే తిప్పుతుంది. ఆఖరి అక్షరం పూర్తవుతుంది.

దాలమ్మ పేరు చాలా బరువుగా ఉంది. పలకను నేను ఎత్తలేకపోతున్నాను. మిగతావాళ్ళూ తమ పేర్లు రాయడం మొదలుపెడతారు. ఐదో పేరుకు నేల ఒక జానెడు దిగుతుంది. పదో పేరుకు వీధి మా కళ్ళ ఎత్తులోకి వస్తుంది. ఎవరూ లేవరు. వరండా మొత్తం ఎర్రమట్టి దాటి, చెట్ల వేళ్ళు దాటి, చల్లటి ఇసుక దాటి మెల్లగా దిగుతోంది.

అడుగున వెలుతురు బాగుంది. అక్కడ మా వాళ్ళ అమ్మలూ అమ్మమ్మలూ వరసలుగా కూర్చుని ఉన్నారు. మాకు చోటివ్వడానికి చీరలు సర్దుకుని జరుగుతున్నారు. దాలమ్మ తన పలకను అవలీలగా ఎత్తి వాళ్ళమ్మకు చూపిస్తుంది. ఆవిడకు చదవడం రాదు. కూతురి పేరును వేలితో తడిమి, ఇంకోసారి తడిమి, పక్కావిడకు అందిస్తుంది.

పలక వరసలన్నీ దాటుకుంటూ వెళ్తోంది. అందరికంటే పెద్దావిడ లేచి వచ్చి నా ఎదురుగా కూర్చుంటుంది. తన కుడిచెయ్యి నా ఒళ్ళో పెట్టి, దిద్దించడానికి ఇంకెంతసేపు అన్నట్టు నా ముఖంలోకి చూస్తోంది.