పలక మూలన పసుపు

యర్రమ్మ గాజుపలకను అంచులతో పట్టుకుని కుళాయి కింద మెల్లగా తిప్పుతోంది. నీళ్లు జోరుగా పడితే పలక మీది పొర లేచిపోతుంది, మరీ సన్నగా పడితే మందు మిగిలిపోతుంది. హోప్ టౌన్ కొండ మీది రేకుల షెడ్డులో ఆమె పని ఇదే. టెలిస్కోపుతో తీసిన ఫోటో పలకలను కడగడం, ఆరబెట్టడం.

పెళ్లయిన ఏడాదే భీమిలి వైపు నుంచి ఓడలో ఈ దీవికి వచ్చింది, దారంతా వాంతులు చేసుకుంటూ. మొగుడు జోగులు నడుం పడిపోయి వేటకు వెళ్లలేకపోయాక, ఏళ్ల తరబడి ఒడ్డున చేపలు కోసి, ఉప్పు పట్టించి ఎండేసింది. ఆ ఉప్పుకు అరచేతులు పగిలి, అన్నం కలుపుకుంటే భగ్గున మండేవి. షెడ్డు నడిపే గణేశ్వరరావు ఈ పనిలో పెట్టాక చేతులు రోజంతా మంచినీళ్లలోనే. పగుళ్లు పూడిపోయాయి. ఇప్పటికీ అన్నం కలిపే ముందు అరచేతులు చూసుకుని, ఆ పిల్లాడు చల్లగా ఉండాలని కోరుకుంటుంది.

గణేశ్వరరావు కొండ కింది బాంబూఫ్లాట్ జాలరుల బిడ్డే. మనకు దగ్గరగా ఉన్న సుడి గెలాక్సీల్లో, చుక్కల మధ్య ఎంత ధూళి ఉందో, అది వెనకున్న వెలుగును ఎంత మింగుతోందో కొలుస్తాడు.

“దుమ్ము కోసం అంత దూరం సూడాలేటి బాబూ? మన సౌల్దారీ రోడ్డు మీద లేదేటి?” అని యర్రమ్మ ఆటపట్టించేది.

“కొత్త చుక్కలు పుట్టేది ఆ దుమ్ములోంచే దీదీ,” అనేవాడతను.

వానాకాలమంతా మబ్బే. మొన్న ఆకాశం కాస్త తెరిపి ఇస్తే ఈ ఒక్క పలకే దక్కింది. కొలిచే యంత్రం మద్రాసులో ఉంది కాబట్టి ఇవాళ్టి ఓడకే ఇది వెళ్లాలి. ఈసారి కూడా ఏమీ రాకపోతే షెడ్డు మూసేస్తామని పైవాళ్లు చెప్పేశారు.

మధ్యాహ్నానికి పలక ఆరింది. చుక్కలు నల్లగా, గెలాక్సీ నడుమ ధూళి గీత తెల్లగా. పలక మీద అంతా తిరగబడే ఉంటుంది. పెట్టెలో పెట్టబోతూ యర్రమ్మ ఆగింది. కొత్త పడవ మొదటిసారి నీళ్లలోకి దిగుతుంటే పసుపు పెట్టకుండా వాళ్లింట్లో ఎవరూ పంపలేదు. ఇదీ సముద్రం మీద పోయేదే కదా. కూరకని ఉంచిన పసుపు తడిపి, పలక మూలన వేలితో అద్దింది.

గణేశ్వరరావు చూసేసరికి పసుపు పొరలోకి ఇంకిపోయింది. భూతద్దం పెట్టి మూల నుంచి నడుమ దాకా చుక్క చుక్కా చూశాడు.

“తప్పు సేసినానా బాబూ?”

“గెలాక్సీకి తగల్లేదు దీదీ. పోల్చి చూసుకునే చుక్క ఒకటి పోయింది. ఇంకా ఉన్నాయిలే, కామ్ చల్ జాయేగా, పని నడిచిపోద్ది.”

“కడిగీనా?”

“వద్దు, పొర ఊడిపోద్ది. పసుపుతోనే ఎల్లనీ.”

అతను పెట్టె పట్టుకుని ఫెర్రీకి దిగాడు. ఓడ కూత వినపడేదాకా యర్రమ్మ వరండాలోనే కూర్చుంది. కూత విని చేతులు జోడించింది. సముద్రానికో, బాబుకో, ఆ కుళాయికో ఆమెకే తెలియదు.

సాయంత్రం అతను తిరిగొచ్చేసరికి యర్రమ్మ గోడకు ఆనుకుని ఉంది. నిద్రపోతోందనుకుని టీ పెట్టి తెచ్చి పిలిచాడు. అప్పటికే ఒళ్లు చల్లబడింది. జోగులుకు చెప్పడానికి కొండ దిగుతూ, మధ్యాహ్నం తన నోటివెంట ఒక్క కోపపు మాట రానందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు.

ఆ పలకలో కావలసిన కొలత దొరికింది, షెడ్డు మూతపడలేదు. మరుసటి ఏడు మద్రాసు నుంచి పలక తిరిగొచ్చింది. మరక తీసేస్తామని అక్కడివాళ్లంటే గణేశ్వరరావే వద్దన్నాడు. కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే నడుమ గెలాక్సీ, దానికి అడ్డంగా ధూళి గీత, మూలన పచ్చగా యర్రమ్మ వేలిముద్ర.