ఇరవై దాకా లెక్క

పాత వార్తాపత్రిక పరిచి, దాని మీద వాల్వును బోర్లించి, మేస్త్రీ కర్రపుల్లతో మసి గీకుతున్నాడు. ఇనుప బ్లేడు వాడడు. ఇనుముతో గీకితే లోపలి అంచు చెక్కుకుపోతుందని, అలాంటి అంచు మీద మూత సరిగ్గా కూర్చోదని ముప్ఫై ఏళ్లుగా చెబుతున్నాడు. వినేవాళ్లు విన్నారు. విననివాళ్లు వేరే షెడ్లలో కుదురుకుని హాయిగా చెక్కుకుంటున్నారు.

ఇంజన్ వదిలిన పొగలో కొంత మళ్లీ ఇంజన్ చేతే తాగించే వాల్వు అది. ఈజీఆర్ అంటారు. బండి పరుగులో ఉన్నప్పుడు తెరుచుకోవాలి, ఆగి ఉన్నప్పుడు మూసుకోవాలి. మూసుకోకపోతే బండికి ఊపిరాడదు. సిగ్నల్ దగ్గర నిలబడీ నిలబడగానే నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోతుంది. టీచరమ్మ కారుకు ఇదే రోగం. మొదటిసారి తెచ్చినప్పుడు మేస్త్రీ వాల్వు శుభ్రం చేసి పంపాడు, పది రోజులు బాగానే తిరిగింది. రెండోసారి వచ్చినప్పుడు లోపలి రబ్బరు పొర చిరిగిందని తేల్చేసి కొత్త వాల్వు వేయించాడు. నిన్న మూడోసారి వచ్చింది. కిడ్నీల చికిత్సకు తీసుకెళ్తున్న తండ్రిని వెనక సీట్లో పెట్టుకుని, నాలుగు రోడ్ల నడుమ పావుగంట ఇరుక్కుపోయానని ఆవిడ చెప్పింది. అరవలేదు. అరిచినా బాగుండేదని మేస్త్రీకి అనిపించింది.

ఆవిడ వెళ్లాక షెడ్డు యజమాని వచ్చి పక్కన నిలబడ్డాడు. తండ్రి పోయాక షెడ్డు చూసుకుంటున్నాడు. మేస్త్రీ కళ్ల ముందు పెరిగినవాడే.

"బాబాయ్, ఇది ఇంకోసారి తిరిగొచ్చిందంటే నేనేం చెయ్యలేను. నువ్వింక ఇంటి దగ్గరే ఉండిపో."

ఆ మాట రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు. ఇంటి దగ్గర ఉండి ఏం చేస్తాడు? ఈ పని తప్ప మరో పని రాదు. ఈ షెడ్డులో తప్ప ఇంకెక్కడా అతన్ని మేస్త్రీ అని పిలిచేవాళ్లు లేరు.

అతనికున్న పేరంతా ఒక మూరెడు రబ్బరు గొట్టం వల్ల వచ్చింది. ఒక కొస వాల్వుకు తగిలించి, రెండో కొస నోట్లో పెట్టుకుంటాడు. గట్టిగా గాలి లాగి, కొసను నాలుకతో మూసి, మనసులో ఇరవై దాకా లెక్కపెడతాడు. రబ్బరు పొర బాగుంటే లోపలి కడ్డీ పైకి లేచి అలాగే నిలబడుతుంది. చిరిగితే జారిపోతుంది. అంతే పరీక్ష. గాలి లాగే చేతిపంపు, ముల్లు చూపించే గేజీతో సహా యజమాని కొని రెండేళ్లయింది. నా నోరుండగా అదెందుకని పంతం పట్టి మేస్త్రీ దాన్ని తాకనైనా లేదు. కింది పెదవి మీద ఎప్పుడూ ఒక మసి గీత ఉండేది. "ఏవండీ, ఇవాళ మీసం కింద మొలిచిందే" అని భార్య ఆటపట్టించేది.

ఆవిడ ఈ మధ్య ఆటపట్టించడం మానేసింది. మేడ మెట్ల సగంలో ఆగి, తాళంచెవి కోసం జేబులన్నీ తడుముకోవడం అతనికి అలవాటయింది. తాళంచెవి ఆవిడ కొంగుకే ఉంటుందని ఇద్దరికీ తెలుసు. పోయిన నెల మనవరాలి పుట్టినరోజుకు బుడగ ఊదబోయి, బుడగకు చిల్లుందని విసిరేశాడు. డాక్టరుకు చూపించుకోమంటే కస్సుమన్నాడు. భయమేస్తే కోపం తెచ్చుకునే మనిషి అతను, ఏం చేస్తాం!

నిజానికి ఈ కొత్త వాల్వులో గీకేంత మసి లేదు. పరీక్షను వాయిదా వేయడానికే గీకుతున్నాడు. చివరికి పుల్ల పక్కన పెట్టి గొట్టం అందుకున్నాడు.

లాగాడు. కడ్డీ లేచింది. ఒకటి, రెండు, మూడు... తొమ్మిదికి జారిపోయింది.

గొట్టం తుడిచి మళ్లీ లాగాడు. ఏడు. ఎవరూ చూడకుండా బానెట్ చాటుకు వెళ్లి, కళ్లు మూసుకుని, దేవుడా ఈ ఒక్కసారికి నిలబెట్టు అనుకుంటూ ఒంట్లో ఉన్న శక్తంతా పెట్టి లాగాడు. దగ్గు తన్నుకొచ్చింది. కళ్లు బైర్లు కమ్మాయి. ఐదు కూడా దాటలేదు. కారు రెక్క పట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయాడు. వాల్వు బాగుందేమో అన్న ఆలోచన ఒకటి వచ్చింది. వాల్వు బాగుంటే మరి బాగాలేనిదేమిటి? దాన్ని వెంటనే తోసిపారేశాడు. సరుకే నాసిరకందని తీర్మానించుకుని యజమాని దగ్గరికి వెళ్లాడు.

"కొత్తది కూడా పొర చిరిగింది బాబూ."

యజమాని అలమారలోంచి పంపు పెట్టె తెచ్చి, వాల్వుకు తగిలించి నాలుగుసార్లు నొక్కాడు. ముల్లు లేచి నిలబడింది. మేస్త్రీ పెదవులు కదులుతున్నాయి. ఇరవై దాటింది. నలభై దాటింది. ముల్లు వెంట్రుకవాసి కదల్లేదు.

మేస్త్రీ వెళ్లి, తుక్కు డబ్బాలోంచి తను పనికిరాదన్న పాత వాల్వును వెతికి తెచ్చాడు. వద్దులే బాబాయ్ అంటున్నా వినకుండా దాన్నీ తగిలించమన్నాడు. ముల్లు మళ్లీ అలాగే నిలబడింది.

"రెండూ బాగానే ఉన్నాయి" అన్నాడు యజమాని, అతని ముఖం చూడకుండా.

"అయితే చిల్లు నాకు పడిందన్నమాట."

ఆ బుడగకు కూడా చిల్లు లేదని అప్పుడు అర్థమైంది. పాపం, కొత్త బుడగ. పిల్ల దాని కోసం ఎంత ఏడ్చిందో! అక్కడే స్టూలు మీద కూలబడ్డాడు.

కాసేపటికి తనే లేచాడు. వాల్వును తిరిగి బిగించి, ఇంజన్ ఆన్ చేసి, వాల్వు కిందికి వేలు పోనిచ్చి చూశాడు. బండి నిలబడే ఉంది, అయినా కడ్డీ పైకి లేచి ఉంది. వాల్వు తప్పు లేదంటే దాన్ని ఎవరో లాగిపెడుతున్నారు. ఇంజన్ నుంచి వాల్వుకు వచ్చే గొట్టం వెంబడి వెళితే చిన్న కరెంటు స్విచ్చు దొరికింది. బండి ఆగినప్పుడు అది బయటి గాలిని గొట్టంలోకి వదిలి కడ్డీని దించాలి. గాలి వచ్చే రంధ్రంలో దుమ్ము గట్టిపడిపోయింది. సూది మొనతో తీసి ఊదబోయాడు. ఊదలేక, గాలి పైపుతో ఊదించాడు. పావుగంట పని. వాల్వును ముందే నమ్మి ఉంటే మొదటి రోజే దొరికేది, ఆ పెద్దాయన నడిరోడ్డు మీద కూర్చోవలసిన అవసరమే ఉండేది కాదు. ఆ సంగతి అతన్ని తినేసింది.

సాయంత్రం టీచరమ్మ వచ్చి కారు తీసుకెళ్లింది. గేటు దగ్గర ఆగింది, ఇంజన్ ఆగలేదు. యజమాని ముఖం తేటపడింది. అయిపోయిందేదో అయిపోయింది, రేపు ఎప్పటిలాగే వచ్చెయ్ అన్నాడు.

"రాను బాబూ. ఇంక నేను బాగుందన్నా, బాగాలేదన్నా, నేనే నమ్మను."

చేతులు కడుక్కుని, అలవాటు ప్రకారం గొట్టాన్ని మేకుకు తగిలించి, టిఫిన్ డబ్బా తీసుకుని బయల్దేరాడు. గేటు దగ్గర ఆగి జేబులు తడుముకోవడం యజమాని చూశాడు. పిలవాలనుకుని పిలవలేదు.

మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం, మేడ మెట్ల సగంలో కూర్చున్న మనిషి ఇంక లేవలేదు. తాళంచెవి వెతుక్కుంటున్నాడేమోనని భార్య పైన తలుపు తీసుకుని నిలబడే ఉందట.

ఆవిడ షెడ్డుకు వచ్చినప్పుడు అతని కళ్లజోడు, మార్చుకునే చొక్కా, స్పానర్ల సంచి ఇచ్చి పంపారు. గొట్టం సంగతి ఎవరికీ తోచలేదు. అది అదే మేకుకు వేలాడుతోంది, ఒక కొసన మసి, రెండో కొసన పంటి గాట్లు.