పులి కరవని పెంకు

ఆ వారం చోడవరం సంతలో ఉల్లిపాయల కంటే చురుగ్గా అమ్ముడైనవి రూపాయి బిళ్లంత గోధుమరంగు పెంకులు. తవిటయ్య గోనె పరుచుకుని కూర్చుని, పెంకుకి చిల్లు పెట్టి, నల్లతాడు గుచ్చి, పిల్లల తల్లులకు అందిస్తున్నాడు. వాళ్లు అక్కడికక్కడే పిల్లల మెడలో కట్టి, నిశ్చింతగా చింతపండు బేరానికి పోతున్నారు. చూసేవాళ్లకి ఇందులో తప్పేమీ కనబడదు. మాడుగుల కొండల మీద, మబ్బు దిగి తడారని అడవిలో, ఒళ్లంతా పెంకులతో, చీమల్నీ చెదల్నీ తిని బతికే అలుగును చంపితేగాని ఆ పెంకులు రావని బేరం హడావిడిలో ఎవరికి తోస్తుంది?

స్వర్ణకుమారికి తోచింది. పైగా ఈ బేరానికి కారణం తానేనేమోనని కూడా తోచింది.

విశాఖపట్నంలో డిగ్రీ పూర్తిచేసి, అటవీశాఖ ప్రచార విభాగంలో ఆరు నెలల శిక్షణకి వచ్చిందామె. కొండ అడవుల్లోని జంతువుల బొమ్మలు గీసి, కింద ఊళ్లవాళ్లకు వాటి కథలు చెప్పడం ఆమె పని. చర్చిలో ఆదివారం బడి పిల్లలకు బొమ్మలు చూపిస్తూ కథలు చెప్పీ చెప్పీ నోరు బాగా తిరిగింది. కిందటి సంతలో అలుగు బొమ్మ గుడ్డమీద విప్పి, "పులి కూడా దీన్ని కరవలేదు. కరిస్తే పళ్లు విరగ్గొట్టుకుని పోవలసిందే" అంటే జనం ఈలలు వేశారు. నాటిన చెరుకు ముక్కలను తొలిచే చెదల్ని తిని రైతుకు మేలు చేస్తుందని, దాన్ని చంపొద్దని చివర్లో చెప్పింది గాని, అప్పటికి సగంమంది సంచులు సర్దుకున్నారు.

"తవిటయ్య నీకు కమీషన్ ఇవ్వాలమ్మా," అన్నాడు రేంజరు రమణమూర్తి. నవ్వుతూనే అన్నాడు గాని, ఆ వెంటనే ముఖం మారింది. "అడవి జంతువుల్ని చంపకూడదని కొత్త చట్టం ఉంది, గార్డుల్ని పెట్టి వాణ్ణి పట్టుకోగలను. రేపు ఇంకొకడు వస్తాడు. కొనేవాళ్లు మానాలనే కదా నిన్ను తెచ్చుకున్నాం. వచ్చే సంతలో కూడా ఇదే వరసైతే నీ కథలు ఆపేస్తాను. నీ మాట వల్ల అలుగులు చస్తుంటే చూస్తూ ఊరుకోలేను."

స్వర్ణకుమారికి సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. అయితే ఏడుపును మించి ఒక సందేహం ఆమెను తొలిచేసింది. తాను చంపొద్దని చెబితే వాళ్లకు కొనుక్కోమన్నట్టు ఎలా వినబడింది? ఆ సంగతి తేలేదాకా ఆ పిల్లకు అన్నం సయించలేదు. మర్నాడు పొద్దున్నే, సంతలో పెంకు కొన్న రాజులమ్మ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది.

రాజులమ్మ చెరుకు నరికే కూలీ. గుమ్మంలో ఆమె కూతురు, మూడేళ్ల గుంట, మెడలో పెంకుతో ఆడుకుంటోంది.

"కోప్పడ్డానికొచ్చేవా అమ్మా?"

"లేదు రాజులమ్మా, తెలుసుకుందామని వచ్చాను. ఎందుకు కొన్నావు?"

"ఏటమ్మా అలగడుగుతావు? నువ్వే కదా సెప్పేవు, పులి పన్నుకి కూడా లొంగదని. పులికే లొంగనిది జొరానికి లొంగుతాదేటి?" రాజులమ్మ గొంతు తగ్గించింది. "జొరమొస్తే మా గుంట కొయ్యబారిపోతాది. కళ్లు తేలేస్తాది. దీనికి ముందు పుట్టినోడు అలాగే పోయేడు. అలాటిదానికి ఆస్పత్రిలో మందేటుంటాది? గాలి సోకిందన్నారు. ఇది కట్టేక నాకు కాస్త నిద్దర పడతంది."

పులి, పళ్లు, ఈలలు అన్నీ స్వర్ణకుమారి కళ్లముందు మెదిలాయి. బిడ్డ పోతుందేమోనని బెంగపడుతున్న తల్లికి తాను వర్ణించి చెప్పింది గట్టి కవచం గురించి. ఆ తల్లి ఇంకేం చేస్తుంది?

"అది ఫిట్సు, రాజులమ్మా. దానికి మందుంది. పద, నేనూ వస్తాను," అంది.

ఆస్పత్రి నర్సమ్మ గుంటను చూసి, జ్వరం రాగానే ఒళ్లు తడిగుడ్డతో ఎలా తుడవాలో, ఏ మందు ఎంత పట్టాలో చూపించింది. ఆలస్యం చెయ్యకుండా తీసుకురమ్మని గట్టిగా చెప్పింది. రాజులమ్మ అంతా శ్రద్ధగా విన్నది. పెంకు మాత్రం తియ్యలేదు. స్వర్ణకుమారి కూడా తియ్యమనలేదు.

తరువాతి సంతకి స్వర్ణకుమారి నర్సమ్మను బతిమాలి వెంట తెచ్చుకుంది. పిల్లలకు జ్వరంలో వచ్చే ఫిట్సు గురించి ముందు ఆమె చేత చెప్పించింది. తల్లులు దగ్గరకు జరిగి ప్రశ్నల మీద ప్రశ్నలు వేశారు. అవి అయ్యాక అలుగు బొమ్మ విప్పింది. ఈసారి పులి ఊసే ఎత్తలేదు.

"దీనికి ఒక్క కాన్పుకి ఒక్కటే పిల్ల. తోక మీద ఎక్కించుకుని తిప్పుతుంది. మనిషి అలికిడైతే పారిపోదు. పిల్లను పొట్టకింద పెట్టుకుని చుట్టుకుపోతుంది. అలా చుట్టుకున్నదాన్ని ఉండలా ఎత్తి గోనెలో వేసుకోవడం ఎంత సేపు? పెంకుల కోసం పట్టేవాడికి ఇంక కష్టమే లేదు."

జనంలోంచి ఎవరూ ఈల వెయ్యలేదు. రాజులమ్మ చంకలోని కూతుర్ని సర్దుకుని, దాని మెడలోని పెంకును పట్టుకుని చూసింది.

"ఇది ఏ తల్లిదో మరి," అంది.

రాజులమ్మ పంటితో తాడు కొరికి, పెంకును తెచ్చి తవిటయ్య గోనె మీద పెట్టింది. ఆ రోజు కొన్నవాళ్లు అసలు లేకపోలేదు. కానీ మధ్యాహ్నం తిరక్కముందే తవిటయ్య గోనె మడుచుకుని వెళ్లిపోయాడు.

"ఏం కొత్త కథ చెప్పావమ్మా?" అని అడిగాడు రమణమూర్తి.

"ముందు వాళ్లకున్న భయమేమిటో అడిగానండి. ఏం చెప్పాలో ఆ తరవాత తెలిసింది."

అడవి మేలు కోరి నోరు విప్పే ప్రతివారూ ఈ అమ్మాయి నేర్చుకున్నది నేర్చుకోవాలి. ఎదుటివాళ్ల భయం వినకుండా చెప్పిన మంచిమాట చెడుకే సాయపడవచ్చు.